మూడు వేళ్ల మందం

నా ఉద్యోగం నన్ను ఏడాదిలో చాలా రోజులు అడవిలో గుడారం కింద ఉంచుతుంది. చెట్లను గుర్తించడం, చుట్టుకొలత తీయడం, వివరాలు ఫారాల్లో నింపడం నా పని. కొత్తగా చేరేవారు మొదట అడిగేది బూట్ల గురించి. రెండోది, నేల మీద పరుచుకోవడానికి ఏ మ్యాట్ కొనాలన్నది. బూట్ల విషయం వెంటనే చెప్తాను. మ్యాట్ గురించి మాత్రం, మీరు ఏ పక్కకు తిరిగి పడుకుంటారని ఎదురు ప్రశ్న వేస్తాను. ఆ ప్రశ్నను నాకు నేర్పినవారు ఇద్దరున్నారు. వారికి నేను చెప్పవలసినంత కృతజ్ఞత ఎన్నడూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది వేములవాడకు దగ్గరలో ఉన్న చిన్న పట్టణం. నాన్నను మేం బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు మరమగ్గాలు నడుపుతాడు. మా దగ్గర వాటిని సాంచాలంటారు. అవ్వ బీడీలు చేస్తుంది. బడికి పోయే రోజుల్లో నేను సాయంత్రాలు కండెలు చుట్టేదాన్ని. పేక నూలును చిన్న గొట్టాలకు చుట్టే పని అది. ఎడమ కాలు మడిచి, బరువంతా ఆ పక్కకే వేసి గంటల తరబడి కూర్చోవాలి. ఆ అలవాటుతో ఎడమ తుంటి దగ్గర ఒక నొప్పి నాతోపాటే పెరిగింది. అది ఇంటికి సంబంధించిన వస్తువులా ఉండేది. దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు, నేను కూడా మాట్లాడలేదు.

వృక్షశాస్త్రంలో డిగ్రీ పూర్తిచేశాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. అటవీ సర్వేలో తాత్కాలిక ఉద్యోగం వచ్చినప్పుడు ఒక షరతు పెట్టారు. మొదట పన్నెండు రోజుల క్యాంపు ఒకటి మధ్యలో ఆగకుండా పూర్తిచేయాలి. చేసినవారిని ఆ సీజనంతటికీ తీసుకుంటారు. చేయలేనివారి స్థానంలో జాబితాలో తరువాతి పేరును పిలుస్తారు.

వెంట తెచ్చుకోవలసిన వస్తువుల కాగితంలో నిద్రకు మ్యాట్ అని ఉంది. అది చదివి వినిపించగానే ఆ ఒక్కటి తనకు వదిలేయమన్నాడు బాపు. సెలవు రోజున ఒక్కడే కరీంనగర్ వెళ్లి, నీలి చారల కాటన్ తొడుగున్న స్పాంజి పరుపు చుట్ట చంకన పెట్టుకుని వచ్చాడు. ఎలా ఎంచుకున్నాడో మాకు వివరంగా చెప్పాడు. గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడట. వెలుతురుకు ఎత్తి పట్టి నేత ఎంత చిక్కగా ఉందో చూశాడట. మూలలు పట్టి ఏటవాలుగా లాగి, పోగు జరుగుతుందేమోనని పరీక్షించాడట. గుడ్డ విషయంలో బాపు చేతికి మా వాడలో తిరుగు లేదు. అందువల్ల ఇంట్లో ఎవరమూ ఇంకేమీ అడగలేదు. నేనైతే కొత్త వస్తువు మాసిపోతుందని దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఒక్కసారైనా దాని మీద పడుకుని చూడకుండానే ఆసిఫాబాద్ బస్సెక్కాను.

అడవిలో చలికాలం ఎలా ఉంటుందో ఆ పరుపు మీద పడుకున్నాకే నాకు తెలిసింది. పైన రెండు దుప్పట్లు కప్పుకున్నా చలి కింది నుంచి వచ్చేది. గుడారం నేలకు పట్టిన తేమనంతా మంచి కాటన్ గుడ్డ తన ధర్మం ప్రకారం పీల్చుకునేది. లోపలి స్పాంజి నా తుంటి కింద పూర్తిగా అణిగిపోయేది. మూడో రోజుకు నడకలో ఎడమ కాలు ఈడ్వడం మొదలుపెట్టాను. నాలుగో రోజు మా బృందం చెట్లను కొలుస్తూ నడవవలసిన తిన్నని గీత మీద అందరికంటే వెనకబడ్డాను. నా వల్ల ఆ రోజు పని సగంలో ఆగింది.

క్యాంపులో వంట చేసే పెద్దమ్మది నస్పూర్. ఆమె భర్త బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఏటా చర్చి కూటాలకు వెళ్లి మూడు నాలుగు రోజులు పందిళ్ల కింద నేల మీద పడుకోవడం ఆమెకు చిన్ననాటి నుంచి అలవాటు. ఆ సాయంత్రం నా గుడారంలోకి వచ్చి, నన్ను ఎప్పటిలాగే పడుకోమంది. నేను ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. ఆమె తన అరచేతిని నా తుంటికీ పరుపుకూ మధ్య పెట్టలేదు. పరుపు కింద పెట్టింది. నా ఎముక బరువు ఆమె వేళ్ల మీద పడింది.

"నొప్పి నీ నడుముల లేదు బిడ్డా, నీ పరుపుల ఉన్నది. నువ్వు పండుకునేది భూమి మీదనే" అంది.

ఆ రాత్రి తన చాప నాకిచ్చి, తాను బియ్యం సంచుల మీద పడుకుంది. కానీ అప్పటికే ఆలస్యమైంది. ఐదో రోజు ఉదయం క్యాంపును నడిపే మా సార్ నన్ను పిలిచి, ఇలా నడిస్తే కాలికి శాశ్వతంగా హాని కలుగుతుందని చెప్పారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. మరో బృందం పది రోజుల్లో బయలుదేరుతుందని, దానితో వచ్చి పన్నెండు రోజులు పూర్తిచేస్తే నా పేరు ఉంటుందని, అప్పుడూ ఆగిపోతే తాను చేయగలిగింది ఏమీ లేదని అన్నారు. జీపు నన్ను బస్టాండు దగ్గర దించింది.

ఇంట్లో ఏం చెప్పాలో బస్సులో దారి పొడవునా కూర్చుకున్నాను. జ్వరం వచ్చిందని చెప్పాలనుకున్నాను. పరుపు మాట ఎత్తకూడదనుకున్నాను. అయితే అవ్వ దాన్ని గోడ మీద ఆరవేస్తుండగా, బాపు డ్యూటీ దిగి వచ్చి చారల మీద నీటి మరకలు చూశాడు. చేతితో తాకాడు. నా వైపు తిరిగి ఏం జరిగిందని అడిగాడు. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పెద్దమ్మ అన్న మాటతో సహా అంతా చెప్పేశాను.

బాపు చారల గుడ్డను వేళ్ల మధ్య మరోసారి నలిపి చూశాడు. ఆ తరువాత, తాను గుడ్డనే చూశానని, పడుకునే మనిషిని చూడలేదని మెల్లగా అన్నాడు. నేను వెంటనే తప్పు నాదేనని, నా ఒంట్లో ముందు నుంచే నొప్పి ఉందని చెప్పబోయాను. బాపు చెయ్యి అడ్డుపెట్టాడు.

"పోగు తెగితే పోగును తిడుతమా? యాడ రాసుకుంటుందో చూస్తం. నిన్నెందుకు తిట్టుకుంటవు? యాడ రాసుకుంటుందో చూద్దాం పా."

సాంచె దగ్గర బాపు పనిచేసే తీరు అదే. ఒకే చోట పోగులు తెగుతుంటే, ముడి వేసి నడిపించడు. యంత్రం ఆపి, ఆ పోగు వచ్చే దారంతా వేలితో తడుముతూ వెనక్కి పోతాడు. నా విషయంలోనూ అలాగే పోయాడు. నొప్పి పడుకోగానే వస్తుందా, కాసేపటికా? మోకాళ్లు మడిస్తే తగ్గుతుందా? కుడి పక్కకు తిరిగితే నిద్ర పడుతుందా? నా జీవితంలో ఎవరూ అడగని ప్రశ్నలవి. జవాబు చెప్పడానికి నాకు సిగ్గేసింది. కొన్నింటికి జవాబు నాకే తెలియదు.

మరునాడు పొద్దున ఇంట్లోని బొంతలన్నీ తెచ్చి గచ్చు మీద వేశాడు. బొంతను రెండు మడతలు వేసి పడుకోమన్నాడు. తరువాత నాలుగు, ఆరు. ప్రతిసారీ అవ్వ పెద్దమ్మలాగే కింద చెయ్యి పెట్టి, ఎముక తగులుతుందో లేదో చెప్పింది. ఆరు మడతల దగ్గర తగలలేదు. బాపు ఆ మందానికి పక్కన వేళ్లు పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా మూడు వేళ్లు.

ఈ తతంగమంతా చూసి అవ్వ ఊరుకోలేదు.

"ఇరవై ఏండ్ల సంది గీ గచ్చు మీదనే పండుకుంటున్న. నన్నెవ్వలన్న అడిగిన్రా?"

"నొస్తదని నువ్వు చెప్పినవా?" అన్నాడు బాపు.

"నువ్వు అడిగినవా?"

 నీలి చారల పరుపు ఆరగానే బాపు దాన్ని తీసుకెళ్లి అవ్వ పడుకునే చోట పరిచాడు. పొడి గచ్చు మీద, వెల్లకిలా పడుకునే మనిషికి అది చక్కటి పరుపు. అవ్వ ఇప్పటికీ దాని మీదే పడుకుంటోంది.

ఇక మిగిలింది తేమ. బాపు గోనెసంచిని తడిపి వాకిట్లో పరిచాడు. దాని మీద ఒక మూల బొంత, ఒక మూల చాప, మరో మూల సాంచె సామాను చుట్టి వచ్చిన పలుచటి ఫోమ్ షీటు ముక్క పెట్టి, వాటి మీద ఇటుకలు ఉంచాడు. గంట తరువాత తీసి చూస్తే బొంత తడిసింది, చాప చెమ్మగిల్లింది. ఫోమ్ ముక్క పై భాగం పొడిగా, కొంచెం వెచ్చగా కూడా ఉంది. ఎత్తునిచ్చేది వేరు, తడినీ చలినీ ఆపేది వేరు అని నాకు అప్పుడు అర్థమైంది. కాలేజీలో మూడేళ్లు ప్రయోగశాలలో గడిపినదాన్ని. నా సొంత నిద్రకు ఒక ప్రయోగం చేయవచ్చునన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

ఆ వారంలోనే ఇద్దరం కరీంనగర్ వెళ్లాం. క్యాంపు సామాన్లు అమ్మే ఆ దుకాణం చిన్నది, నేరుగా రోడ్డు మీదికే తెరుచుకుని ఉంటుంది. దుకాణదారు మూడు రకాలు చూపించాడు. ఒకటి మడతలు మడతలుగా ముడుచుకునే గట్టి ఫోమ్. దానికి తడి అంటదు, ముల్లు గుచ్చుకున్నా భయం లేదు. కానీ ఒక వేలు మందమే ఉంది. రెండోది పూర్తిగా గాలితో ఉబ్బేది. మెత్తగా, ఎత్తుగా ఉంది, కదిలితే మాత్రం చిప్స్ ప్యాకెట్ నలిపినట్టు చప్పుడు. పైగా ఒక్క తుమ్మ ముల్లు చాలు దానికి. మూడోదానిలో లోపల స్పాంజి ఉంటుంది. మూత తిప్పితే దానంతట అదే గాలి పీల్చుకుని లేస్తుంది, మిగిలింది నోటితో ఊదాలి. అప్పుడు మూడు వేళ్ల మందం వస్తుంది. డబ్బాల మీద ఇంగ్లీషులో రాసినదంతా నేను చదివి బాపుకు చెప్పాను. నేల చలిని ఎంత ఆపుతుందో తెలిపే అంకె ఒకటి ఉంటుందని, అది పెద్దదైతే మేలని దుకాణదారు చెప్పాడు. బాపు వేళ్లు అలవాటుగా గుడ్డ మీదికి వెళ్లాయి. సగంలో ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తరువాత చెప్పులు విడిచి, మూడో రకం మ్యాటును దుకాణం మధ్యలో పరిచి, దాని మీద ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు.

"కాకా, గీడ నడిమిట్ల పండుకుంటే గిరాకీ ఎట్ల వస్తది?" అన్నాడు దుకాణదారు.

"జర పావుగంట ఆగు తమ్మీ. మా బిడ్డ పన్నెండు దినాలు పండుకోవాలె."

పావుగంట కాకముందే బాపు నిద్రపోయాడు. ముందు రాత్రంతా సాంచాల మీద నిలబడి వచ్చిన మనిషి. లోపలికి వచ్చిన ఇద్దరు ఆయనను దాటుకుని వెళ్లారు. దుకాణదారు గొంతు తగ్గించి, కాకకే నిద్ర పట్టిందంటే ఇంకేం చూడాలి, ఇదే కట్టిస్తానన్నాడు. నేను కూడా సరేనన్నాను. ఆ మాటకు బాపు లేచి కూర్చున్నాడు.

"ఆగు. నేను బండ మీద పండుకున్నా నిద్రొస్తది. నా నిద్రతోని నీది తేల్చొద్దు. నువ్వు పండుకో."

నేను కదలలేదు. రోడ్డు మీద జనం పోతున్నారు. ఎదురుగా టీ హోటల్లో మగవాళ్లు నిలబడి ఉన్నారు. పెళ్లీడు ఆడపిల్ల అంగట్లో నేల మీద పడుకోవడం మా ఇళ్లలో ఊహించే పని కాదు. బాపు నా ముఖం చూశాడు. మ్యాటును గోడ వారకు జరిపాడు. తన భుజం మీది తువ్వాలు విప్పి రెండు చేతులతో వెడల్పుగా పట్టుకుని, నాకూ రోడ్డుకూ మధ్య, నాకు వీపు చేసి నిలబడ్డాడు. దుకాణదారు తనంతట తానే లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

నేను పడుకున్నాను. ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు మడిచాను. మొదటి నిమిషం ఏమీ తెలియలేదు.  నెమ్మదిగా బరువు దిగింది. మ్యాటు కిందికి చెయ్యి దూర్చి చూశాను. వేళ్ల మీద ఎముక లేదు.

"తాకుతున్నదా?" అని బాపు రోడ్డు వైపే చూస్తూ అడిగాడు.

"తాకుతలేదు బాపు."

"తొందరపడకు. ఇంకింత సేపు ఉండు."

ఆయన చేతులు అలాగే చాచి ఉన్నాయి. నేను పూర్తి పావుగంట ఉన్నాను. ఆ మ్యాటునూ, దాని కింద ముళ్లకూ తడికీ అడ్డుగా ఒక పలుచటి ఫోమ్ షీటునూ కొన్నాం. ఈనాటికీ ఎవరు అడిగినా ఆ రెండింటి జతనే చెప్తాను. పక్కకు తిరిగి పడుకునేవారికి తుంటి కింద ఎత్తు ఉండాలని, కొనేముందు దాని మీద పావుగంట పడుకోవాలని చెప్తాను. దుకాణంలో పావుగంట పడుకోగలగడానికి ఒక్కొక్కరికి ఏమేం అవసరమవుతుందో మాత్రం చెప్పను.

రెండో క్యాంపు తిర్యాణి వైపు కొండల్లో జరిగింది. మొదటి రాత్రి గడిచి తెల్లవారగానే పెద్దమ్మ టీ గ్లాసుతో వచ్చి నన్ను రెండుసార్లు పిలవవలసి వచ్చిందట. నేను లేచి ఆమె చేతులు పట్టుకున్నాను. ఏం చెప్పాలో తెలియక, టీ చల్లారుతుందన్నాను. ఆమె ఒక క్షణం కళ్లు మూసుకుని పెదవులు కదిపి, తన పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ పన్నెండు రోజులూ నేను గీత మీద ఎవరికంటేనూ వెనకబడలేదు. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. నిద్ర పట్టిన శరీరం దాన్ని మోయగలిగింది.

చివరి రోజు మధ్యాహ్నం సార్ సీజనుకు ఎంపికైనవారి పేర్లు చదివారు. నా పేరు నాలుగోది. సిగ్నల్ దొరికే గుట్ట మీదికి ఎక్కి ఇంటికి ఫోన్ చేశాను. సాంచాల మోతలో బాపు గొంతు సగమే వినిపించింది. ఉద్యోగం నిలిచిందని గట్టిగా చెప్పాను. విన్నాడో లేదో తెలియలేదు.

"నిద్ర పట్టిందా?" అని అడిగాడు.

పట్టిందన్నాను. పన్నెండు రోజులూ పట్టిందన్నాను.  అటు పక్కన ఎవరికో మా బిడ్డ మంచిగ పండుకున్నదట అని చెప్పడం వినపడింది. ఆ వెంటనే, పోగు తెగింది, మళ్లీ మాట్లాడతానని ఫోన్ పెట్టేశాడు.