బ్రిడ్జ్‌పోర్ట్ కొండల్లో ఒక వాన, ఒక చవక టెంట్

కిందటేడు అక్టోబర్‌లో నేను వేటకు వెళ్ళింది నా కోసం కాదు, ప్రభాకర్ అంకుల్ కోసం. శాంటా క్లారాలో మా వెనక వీధిలోనే ఉంటారాయన. జీవితమంతా చిప్‌లు డిజైన్ చేసి రిటైరయ్యారు. నాకు రైఫిల్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. సియెర్రా కొండల తూర్పు వైపు మ్యూల్ డీర్ అనే పెద్ద చెవుల జింకను వేటాడాలంటే లాటరీలో పర్మిట్ రావాలి. ఏటా దరఖాస్తు పెడుతూ, రానప్పుడల్లా ఒక పాయింట్ పోగేసుకుంటూ ఆయన ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. తీరా వచ్చిన ఏడాదే మోకాళ్ళ ఆపరేషన్ నవంబర్‌కి ఖాయమైంది. ఆ తరువాత మూట మోసుకుని కొండలెక్కడం కుదరదని డాక్టర్ ముందే చెప్పేశాడు. కాబట్టి ఆయనకు ఇదే ఆఖరి అవకాశం.

ఆయన పాత టెంట్ ఏడు పౌండ్లు. ఆ మోకాళ్ళతో అది మోయించడం పాపమే కాబట్టి తేలికైనది కొనే బాధ్యత నేను తీసుకున్నాను. మీరూ ఇలాంటి ప్రయాణానికి చూస్తుంటే నాకు అర్థమైంది చెబుతాను. ఇద్దరికి సరిపోయే మంచి తేలిక టెంట్ ఐదారు వందల డాలర్లు. లోపల చిన్న పొయ్యి పెట్టుకోగలిగే, అడుగు లేని శంఖువు ఆకారం టెంట్ హాయిగా ఉంటుంది కానీ పొయ్యితో కలిపితే మళ్ళీ బరువే. ఉత్త టార్పాలిన్ అన్నిటికంటే చవక, కానీ ఈదురుగాలికి ఆగదు. చివరికి నూట ముప్ఫై డాలర్లలో, నడక కర్రలనే స్తంభాలుగా వాడుకునే ఒంటి పొర టెంట్ తీసుకున్నాను. మూడు పౌండ్లు కూడా లేదు. నిజానికి మంచి సరుకే. ఒక్కటే తిరకాసు, ఇలాంటి చవక టెంట్లకు కుట్ల దగ్గర సూది రంధ్రాలు మూసి ఉండవు. సిలికాన్ సీలర్ కొని మనమే పూసుకోవాలి. ట్యూబ్ కూడా కొన్నాను.

పూయడానికి కూర్చున్న రోజు అంకుల్ వచ్చారు. "ఏమయ్యా, అది పూశావంటే షాపువాడు రిటర్న్ తీసుకోడు. ట్యాగ్ కూడా కట్ చెయ్యకు" అన్నారు.

"వాన పడితే కారుతుంది అంకుల్."

"ఫోర్‌కాస్ట్ క్లియర్‌గా ఉంది కదా! ఒక్క ట్రిప్‌కి ఎందుకయ్యా? బావుంటే వచ్చాక పూద్దాం, లేకపోతే ఇచ్చేద్దాం."

ఇది ఆయన ఒక్కరి అలవాటా? చుట్టాలొస్తే కొన్న ఎయిర్ మ్యాట్రెస్, పార్టీకి కొన్న కోటు, అన్నీ వాడి వెనక్కి ఇచ్చేసే వాళ్ళమే మనమంతా. పైగా పెద్దాయన. ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. ట్యూబ్‌ను వంటింటి సొరుగులో పడేశాను.

శుక్రవారం తెల్లవారుజామునే బయలుదేరి హైవే 108 మీదుగా సొనోరా పాస్ అనే కనుమ దాటాం. శీతాకాలంలో మంచుకు ఈ దారి మూసేస్తారు, వెళ్ళేముందు చూసుకోండి. బ్రిడ్జ్‌పోర్ట్ చేరేసరికి పదకొండు దాటింది. ఊళ్ళో చిన్న హోటల్లో వంట చేసే పెద్దావిడే ఆమ్లెట్లు తెచ్చిపెట్టి, అంకుల్ పెట్టుకున్న వేటగాళ్ళ ఆరెంజ్ టోపీ చూసి, "పర్మిట్ ఎవరికి వచ్చింది?" అంది. "నాకే!" అన్నారాయన, పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ. "రాత్రికి చలి బాగా ఉంటుంది, జాగ్రత్త" అని ఆవిడ ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు పోసిచ్చింది, డబ్బులు వద్దంది.

కారు ఆపిన చోటు నుంచి నాలుగు మైళ్ళు నడక. నేనొక్కడినే అయితే రెండు గంటలు, అంకుల్‌తో నాలుగు పట్టింది. దారిలో ఆయన ఒక్కసారి కూడా మోకాలి మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గాలి చాటు చూసుకుని టెంట్ వేశాం. దాని అంచున ప్రైస్ ట్యాగ్ రెపరెపలాడుతుంటే నవ్వొచ్చింది. పొద్దువాలుతుండగా, జిప్ కవర్లోని పులిహోర తింటూ బైనాక్యులర్స్‌లో చూస్తున్న అంకుల్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఎదుటి వాలు మీద నాలుగేసి కొమ్మల కొమ్ములతో పెద్ద మగ జింక తాపీగా మేస్తోంది. వెలుగు చాలదు, దూరమూ ఎక్కువే. "రేపు పొద్దున్న ఇక్కడే దొరుకుతుందయ్యా" అన్నారు. ఆయన్ని అంత ఆనందంగా నేనెప్పుడూ చూడలేదు.

ఫోర్‌కాస్ట్‌లో లేని వాన రాత్రంతా పడింది. టెంట్ నడికుట్టు సరిగ్గా ఆయన వైపే కారింది. ఆయనది ఈకల స్లీపింగ్ బ్యాగ్, తడిస్తే దాంట్లో వెచ్చదనం ఉండదు. నాది మార్చుకోమన్నాను, వినలేదు. తువ్వాలు పిండుతూ, తిట్టుకుంటూ తెల్లవార్చాం.

వాన వెలిసి మబ్బు విడేసరికి జింక ఆయన చెప్పిన చోటే, ఇంకా దగ్గరగా, పక్కకు తిరిగి నిలబడి ఉంది. అంకుల్ మూటమీద రైఫిల్ ఆనించి స్కోప్‌లోకి చూశారు. చేతులు వణుకుతున్నాయి. ఊపిరి బిగబట్టారు, మళ్ళీ చూశారు. వణుకు ఆగలేదు. పళ్ళు టకటకలాడడం నాకు వినిపిస్తోంది. ఆయన మెల్లగా తూటా బయటికి తీసేశారు.

"కొట్టండి అంకుల్, తగులుతుంది" అన్నాను.

"కాలికో కడుపుకో తగిలితే? అది ఎక్కడో పడి రెండ్రోజులు చస్తుంది. వద్దయ్యా."

జింక మా వైపు ఒకసారి చూసి చెట్లలోకి వెళ్ళిపోయింది. నేను టీ కాచి ఇస్తే ఆ కప్పు కూడా ఆయన రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. ఇంకో రాత్రి ఉండే ప్రశ్నే లేదు, దిగిపోయాం. కార్‌లో హీటర్ పెట్టాక చాలాసేపటికి, "వాడు టెంట్ రిటర్న్ తీసుకుంటాడులే" అన్నారు కిటికీలోంచి చూస్తూ. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన ఇప్పుడు పార్కులో చదును దారిలో నడుస్తున్నారు. ఆ జింక గురించి అప్పుడప్పుడూ అడుగుతారు, ఈ ఏడాది దాని కొమ్ములు ఇంకెంత పెరిగి ఉంటాయో అని. ఆ పొద్దుట ఆయన తప్పు చేయలేదు, చేయదగ్గ పనే చేశారు. కానీ ఆ చేతులు వణకాల్సిన అవసరం లేదు. సీలర్ పూయబోయిన రోజు నేను ఒక్క మాట గట్టిగా అని ఉంటే ఆయన మహా అయితే పది నిమిషాలు అలిగేవారు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మీకు చెప్పేది ఒక్కటే. చవక టెంట్ కొనండి, తప్పులేదు. ఇంటికి రాగానే ట్యాగ్ కత్తిరించి, ప్రతి కుట్టుకూ సీలర్ పూసి, ఒక రోజు ఆరనిచ్చి, పెరట్లో వేసి గొట్టంతో నీళ్ళు కొట్టి చూడండి. నేనూ టెంట్ వెనక్కి ఇవ్వలేదు. సొరుగులోని ట్యూబ్ తీసి పూశాను. ఇప్పుడు ఎంత నీళ్ళు కొట్టినా చుక్క కారడం లేదు. అంకుల్ పడుకున్న వైపు పొడిగా ఉంది, ఖాళీగా ఉంది.