దున్నపోతు చెవిలో చెప్పిన మాట

ఆ రోజుల్లో వచ్చే ఏడాది ఏం సాధించాలో కాగితం మీద రాసుకునే అలవాటు మా వాళ్లకు లేదు. రాసే చేతులూ తక్కువే, రాసినదానికి భయపడేవాళ్లూ తక్కువే. కిషన్‌బాగ్‌లో మా అత్తగారిది పాడి ఇల్లు. మాకు ఏడాది దీపావళితో మొదలయ్యేది. మర్నాడు దున్నపోతును కడిగి, నూనె రాసి, కొమ్ములకు రంగు వేసి ఊరేగింపుకు తీసుకెళ్లే ముందు, ఇంట్లో ఒక్కొక్కరూ వెళ్లి ఆ ఏడు తాము చేయబోయే పని ఒక్కటి దాని చెవిలో చెప్పాలి. దున్నపోతుకే ఎందుకంటే, అది యముడి వాహనం. మిగతా దేవుళ్లు మరిచిపోతారు గానీ యముడు మరిచిపోడని మా ఇంటి ముసలమ్మ, అంటే మా అత్తమ్మకు అత్త, చెప్పేది. మళ్లీ దీపావళిలోగా మాట నిలబెట్టుకోకపోతే ఒక మునిమాపు వేళ దున్నపోతు గుమ్మంలోకి తల పెడుతుందట. మూడోనాటికి చావు కబురట. కల్లు మానేస్తానని చెప్పి మానని మా మామ చిన్నాయన ఒకాయన అలాగే పోయాడని సాక్ష్యం కూడా చూపించేవాళ్లు. (ఆయనకు అప్పటికే ఎనభై దాటాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు.)

నేను కాపురానికొచ్చాక మొదటి దీపావళి అది. నాకు పదహారేళ్లు. మా ఆయన తెలివైనవాడు, ఏటా మీసం పెంచుతానని చెప్పేవాడు. అది దానంతట అదే పెరిగేది. నాకు అంత తెలివి ఎక్కడిది? మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "అత్తమ్మను నోరు తెరిచి అడిగి, ఒక్కపారి మా అమ్మను సూసొస్త" అన్నాను. మా అమ్మ ఏ దూరదేశంలోనో లేదు, మూసీ మీది పూల్ (వంతెన) దాటితే ధూల్‌పేట్. కానీ పాలు పిండే ఇంట్లో కోడలికి సెలవన్నది లేదు, మా అత్తమ్మను సెలవడిగిన మనిషి అంతవరకూ పుట్టలేదు. నేను చెబుతున్నంతసేపూ వెచ్చగా ఆడుతున్న ఆ చెవి, చివరి మాటకు టక్కున ఆగిపోయింది. అది మెల్లగా తల తిప్పి నన్ను చూసింది.

ఇక నా తిప్పలు చూడండి. ఎలాగోలా గుండె చిక్కబట్టుకుని "అత్తమ్మా" అని పిలిచేదాన్ని. ఆమె తలెత్తి "ఏంది?" అనేది. ఆ ఒక్క మాటకే నేను మాట మార్చి, "ఏం లేదత్తమ్మా, కొట్టం ఊడ్వాల్నా అని" అనేదాన్ని. "ఊడువు" అనేది. అలా నా నోటితో నేనే కొట్టం ఊడ్వడం, పిడకలు కొట్టడం, కుడితి కలపడం, చివరికి పక్కింటివాళ్ల దూడకు గడ్డి వేయడం కూడా నెత్తికెత్తుకున్నాను. ఇంత కష్టపడే కోడలు మస్తు అదృష్టముంటే గాని దొరకదని వాడంతా చెప్పుకునేది.

పనంటే భయం లేదు గానీ, ఆ పనంతా దున్నపోతు ఎదుటే. నేను కొట్టంలో అడుగుపెట్టగానే అది నెమరువేయడం ఆపేసేది. నేను బయటికి వచ్చేదాకా దాని దవడ కదిలేది కాదు. నీళ్లు తోడుతుంటే మెడ వెనక వేడి ఊపిరి తగిలేది, తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. మా ఆయనతో చెబితే "దున్నపోతు సూడకుంటె పేపర్ సదువుతదా" అని మీసం దువ్వుకున్నాడు. ఏడాదంతా అలాగే గడిచింది.

మళ్లీ దీపావళి దగ్గరపడింది. యుద్ధం రోజులు, కిరసనాయిలు సరిగా దొరకడం లేదు. మధ్యాహ్నం నుంచి ఒకటే ముసురు. మగవాళ్లు పాలు పోయడానికి వెళ్లారు. మునిమాపు వేళ గదిలో ఆముదం దీపం వెలిగిస్తున్నాను. ఒత్తి మీద వేడి గాలి తగిలి దీపం ఆరిపోయింది. వెనక్కి తిరిగితే గుమ్మం నిండా కొమ్ములు. నల్లటి తల, తడిసిన ముక్కు, రెప్ప వేయని కళ్లు. అది నన్ను చాలాసేపు చూసింది. తర్వాత తల వెనక్కి తీసుకుని, పూల్ వైపు నడిచిపోయింది. అంత పెద్ద జంతువు నడుస్తుంటే అడుగుల చప్పుడే లేదు. నేను కెవ్వుమన్నాననే అనుకున్నాను. కానీ నా నోట్లోంచి వచ్చింది ఏడాదిగా గొంతులో ఇరుక్కున్న మాట. "అత్తమ్మా, నన్నొక్కపారి మా అమ్మకాడికి పంపుండ్రి" అని వాడంతా వినబడేలా అరిచాను.

అత్తమ్మ లాంతరు పట్టుకుని వచ్చింది. జరిగింది విని నన్ను కొట్టంలోకి తీసుకెళ్లింది. దున్నపోతు గుంజకే కట్టి ఉంది, నింపాదిగా నెమరువేస్తోంది. ఒంటి మీద చుక్క తడి లేదు. ఇక తిట్లు తప్పవనుకున్నాను. ఆమె మాత్రం మెల్లగా అడిగింది.

"ఎటు దిక్కు పోయింది?"

"పూల్ దిక్కు అత్తమ్మా."

ఆమె గడ్డిమోపు మీద కూలబడింది. "నేను గూడ కొత్తగ వచ్చినప్పుడు దీని తాత చెవుల గదే మాట చెప్పిన. అడగనీకె నోరు రాలే. గిట్లనే గుమ్మంల నిలవడి, నన్ను సూసి తిరిగిపోయింది. బతికిపోయిన అనుకొని దండం వెట్టుకున్న. మూడోనాడు మా అమ్మ పోయిందని కబురొచ్చింది. అది నా కోసం రాలే, పోరీ. మా అమ్మింటి తొవ్వ అడగనీకె వచ్చింది." అని లేచి, "చీర మార్చుకో, నడువు" అంది.

వానలో తనే వెళ్లి జట్కా ఆపి, నన్నొక్కదాన్నే ఎక్కించింది. దున్నపోతు కన్నా ముందు చేరాలన్న మాట విన్న జట్కా తాత "ఫికర్ నక్కో బేటీ, మేరా ఘోడా భైంస్ సే తేజ్ హై" అని తన గుర్రం జోరు చెప్పుకున్నాడు. ఎవరి వాహనంతో పందెమో ఆయనకు తెలియదు పాపం. పూల్ మీద చీకట్లోకి కళ్లు చించుకుని చూస్తూనే ఉన్నాను. ఇంటికి చేరేసరికి అమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతోంది. "ఏందే, చెప్పకుంట వచ్చినవ్, కొట్టి తోలిండ్రా?" అంది. నేను మూలనున్న చీపురు అందుకుని గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాను. రెండు రోజులు అమ్మ నన్ను దాటుకుంటూ, తిట్టుకుంటూ నీళ్లు తెచ్చుకుంది. నేను కదిలితే ఒట్టు.

మూడోనాడు పొద్దున వచ్చింది మా అత్తమ్మ. రమ్మంటే వెంటనే లోపలికి రాకుండా బయటే నిలబడి, రొట్టె కొడుతున్న మా అమ్మను అలా చూస్తూ ఉండిపోయింది. ఎవరినీ ఏదీ అడగని మనిషి, గొంతు సవరించుకుని, "వదినే, నాకొక రొట్టె కాల్చి పెడ్తవా" అని అడిగింది. అమ్మ తర్వాత ఎన్నో ఏళ్లు బతికింది, నా పిల్లలకూ రొట్టెలు పెట్టింది. ఆ పొద్దున మాత్రం అత్తమ్మ లోపలికి రావాలంటే నేను జరగాలి. యముడి బండిని చీపురుతో ఆపుతానని కూర్చున్న ఆ పదిహేడేళ్ల పిల్ల ఆమెను ఎగాదిగా చూసి, వెనకాల ఎవరూ లేరని నమ్మకం కుదిరాకే జరిగింది.