పత్తి గదిలోకి వెళ్ళిన దీపం

పోయిన నెల మా పెద్దత్తయ్య పోయింది. ఫోన్ వచ్చేసరికి నేను గుంటూరు బ్రాడీపేటలో ఎముకల డాక్టరు దగ్గర నడుం నొప్పికి చూపించుకోవడానికి కూర్చుని ఉన్నాను. "పెద్దమ్మ ఇక లేదు, వచ్చెయ్" అన్నాడు మా ఆయన. చీటీ తిరిగి ఇచ్చేసి ఆటో ఎక్కాను. వినుకొండ బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే, ఉన్నమాట చెప్తున్నాను, ఏడుపు కంటే ముందు నిద్ర ముంచుకొచ్చింది. ఆర్నెల్లుగా ఆవిడకి మంచం మీదే అన్నీ చేశాను. ఒళ్ళు అంతగా అలిసిపోతే దుఃఖం కూడా ఆలస్యంగానే వస్తుంది కాబోలు.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. అందులో ఒకటి పదేళ్ళు దాచిన మాట. అది రాయకుండా మిగతావెన్ని రాసినా దండగే.

మా మామయ్యగారి అన్నగారి భార్య ఆవిడ. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. నేను కాపురానికి వచ్చేనాటికే అరవై అయిదు దాటి ఉంటాయి. ఇంట్లో వంట మా అత్తయ్యది, గేదెలు మామయ్యగారివి, దీపాలు పెద్దత్తయ్యవి. నవ్వకండి. ఆ రోజుల్లో మా ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో, పోతే ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. దీపాలు చూసుకోవడమంటే ఒక పూట పని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడు లాంతర్లు ముందేసుకుని అరుగు మీద కూర్చునేది. గ్లాసులకి పట్టిన మసిని ముందు పాత పేపరుతో, తర్వాత జల్లించిన బూడిదతో తుడిచేది. వత్తి కొసల్ని కత్తెరతో కాస్త గుండ్రంగా తీసేది. అట్లా తియ్యకపోతే మంట రెండు పక్కలా కొమ్ముల్లా లేచి గ్లాసు నల్లబడిపోతుంది. కిరసనాయిలు గుడ్డలో వడగట్టి, పొద్దుండగానే పోసేది, ముప్పావుకి మించి పోసేది కాదు. వెలిగించీ వెలిగించగానే నేను వత్తి పెంచబోతే చెయ్యి పట్టుకునేది. "ఇప్పుడేగా లేచింది. కాస్త ఓపిక పట్టమ్మాయ్" అనేది.

మిరపకాయలు ఎండేటప్పుడు మూడు వారాలు సగం ఇల్లు కల్లంలోనే. పట్టా పందిరి, మూడు రాళ్ళ పొయ్యి, రెండు కుక్కి మంచాలు. ఆ సామానులో దీపాలు ఆవిడే సర్దేది. గాలికి ఆరకుండా ఉండాలని పాలపొడి డబ్బాకి ఒక పక్క కోసి, లోపల కొవ్వొత్తి నిలబెట్టి, పైన తీగ కట్టింది. మామయ్యగారు లాంతరు తన మంచం పక్కన తగిలించుకుంటే ఒప్పుకునేది కాదు. "నువ్వెక్కడ పడుకున్నావో దొంగకి చూపిస్తున్నావా? దాన్ని అటు చివర కట్టు. నువ్వు ఇటు చీకట్లో పడుకో." ఆయన ఊళ్ళో ఎవరి మాటా వినరు గానీ వదిన మాట వినేవారు.

పత్తి ఇంటికి చేరిందంటే మాత్రం ఆవిడ వేరే మనిషి. అమ్మేదాకా పత్తిని ముందు గదిలో దూలాల ఎత్తున పోసేవాళ్ళం. అన్నాళ్ళూ మంట ఉన్నది ఏదీ ఆ గడప దాటకూడదు. లాంతరు కిటికీ బయట కొక్కేనికే. "నీకు కావాల్సింది వెలుగు దగ్గరికి తెచ్చుకో. వెలుగుని పత్తి దగ్గరికి తీసకపోమాక" అని రోజుకోసారైనా అనేది. పొద్దంతా చేలో వంగి వచ్చినవాళ్ళకి ఆ మాట వింటే చిరాకు. నాకు మరీను.

పెళ్ళయిన నాలుగో నెల. ఆ మధ్యాహ్నమంతా పత్తి గదిలో బోరాల్లో, అంటే పెద్ద గోనెసంచుల్లో, పత్తి తొక్కాను. నిలబెట్టిన బోరెంలోకి దిగి, పైనుంచి పోస్తుంటే కాళ్ళతో అణగదొక్కడం. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ చూసుకుంటే ఎడమకాలి మెట్టె లేదు. కొత్త కోడలు మెట్టె పోగొట్టుకుందంటే మా అత్తయ్య నోటికి ఆనకట్ట ఉండదు. మామయ్యగారు లేరని అత్తయ్యే దొడ్లో పాలు పిండుతోంది. మగవాళ్ళు ఇంకా చేలోంచి రాలేదు. ఈలోగా వెతికేద్దామనుకుంటే మునిమాపువేళ కరెంటు పోయింది. డబ్బా దీపం తీసుకుని పత్తి గదిలోకి వెళ్ళాను. వంగి వెతుకుతుంటే డబ్బా ఒరిగింది.

పత్తి అంటుకోవడం చూడనివాళ్ళకి ఎంత చెప్పినా తెలియదు. మంట ముందు పైపైనే, నీళ్ళు పారినట్టు పరుగెత్తుతుంది. నేను అరిచానో లేదో గుర్తులేదు. పెద్దత్తయ్య ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చి, నా చేతిలో డబ్బా లాక్కుని, రెక్క పట్టి నన్ను బయటికి నెట్టింది. "నీళ్ళు తే" అంది. తొట్టిలోంచి బిందెతో ముంచి తెస్తూనే ఉన్నాను. ఆవిడ తడి గోనెతో కొడుతూనే ఉంది. మంట అణిగేవేళకి మామయ్యగారూ, మా ఆయనా, వెనకాల ఊళ్ళోవాళ్ళూ వచ్చారు. వాళ్ళకి కనిపించింది ఇదీ: లోపల కాళ్ళ దగ్గర డబ్బాతో ఆవిడ, బయట బిందెతో నేను.

"ఏంది వదినా ఇది?" అన్నారు మామయ్యగారు.

"చేట కోసం లోపలికి పోయా. చెయ్యి వణికింది" అంది.

మూడో వంతు పత్తి పోయింది. పొగ చావని మిగతా పత్తిని రెండు రోజులు వాకిట్లో పరిచి ఆర్పాం. మూడో రోజు ఆవిడ నా చేతిలో మెట్టె పెట్టింది. మసి ఊడుస్తుంటే దొరికిందట. "చింతపండేసి తోముకో" అంది. నాకు ఏడుపు ఆగలేదు. అందరికీ చెప్పేస్తానన్నాను.

"నోరు మూసుకో అమ్మాయ్. కొత్త కోడలు అడుగు పెట్టిన ఏడే కొంప అంటుకుందంటారు. ఆ మాట నువ్వు ముసలిదానివయ్యేదాకా నీ వెంటే వచ్చిద్ది. నాకెంతకాలం? మహా అయితే రెండేళ్ళు."

రెండేళ్ళలో పోతాననుకుంది. పదేళ్ళు బతికింది.

లాంతర్లు అటకెక్కాయి. గుంటూరు నుంచి ఛార్జింగ్ లైటు వచ్చింది. ఆవిడ అగ్గిపెట్టె ముట్టుకుంటే చాలు, "పెద్దమ్మా, నువ్వు కూర్చో" అని ఎవరో ఒకరు లాక్కునేవాళ్ళు. కల్లానికి తీసుకెళ్ళడం మానేశారు. చుట్టాలొస్తే ఆ కథ చెప్పుకునేవాళ్ళు. ఊరందరికీ దీపం పాఠాలు చెప్పిన మనిషే కొంప తగలబెట్టబోయిందని నవ్వేవాళ్ళు. అందులో ఇల్లు కాపాడింది నేను. మా అత్తయ్య నన్ను మెచ్చుకోవడానికి దొరికిన ఒకే ఒక్క విషయం అది. నేను తల దించుకుంటే అణకువ అనుకునేవాళ్ళు.

మా పాప పుట్టాక పెద్దత్తయ్యని ఇంకోసారి అడిగాను, చెప్పెయ్యనా అత్తయ్యా అని. "ఇప్పుడు చెప్తే నీకు కొత్తగా చెడ్డపేరొచ్చిద్ది. నా పాతది ఎటూ పోదు" అంది. మళ్ళీ తనే, "రెండేళ్ళన్నా గానీ లెక్క తప్పింది. ఇన్నాళ్ళు బతుకుతానని నేనేమన్నా కలగన్నానా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నిజానికి ఆవిడ వద్దన్నందుకు లోపల్లోపల నాకు హాయిగానే ఉంది. అందుకు ఈరోజుకీ సిగ్గుపడుతున్నాను.

చివరి నెలల్లో ఆవిడకి ఒళ్ళు తుడుస్తుంటే, సొంత అత్తకి కూడా ఇంత ఓపిగ్గా చెయ్యరని చూడవచ్చినవాళ్ళు అనేవాళ్ళు. ఓపికా పాడా. ఎన్నిసార్లు విసుక్కున్నానో ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. నోటితో చెయ్యలేనిదాన్ని చేతులతో చేశాను, అంతే.

పెద్దకర్మ రోజు బంతిలో ఆ కథ మళ్ళీ వచ్చింది. దాచేపల్లి నుంచి వచ్చిన బంధువొకాయన, "పాపం, పెద్దావిడకి చూపు ఆనక ఆ రోజు పత్తి..." అని మొదలుపెట్టాడు. నేను అన్నం వడ్డిస్తున్నాను. ఇప్పుడైనా ఆ నింద ఆవిడ మీంచి దించకపోతే ఇక ఎప్పటికీ దించలేననిపించింది.

"ఆవిడ కాదండీ. ఆ రోజు దీపం పట్టుకుని పత్తి గదిలోకి వెళ్ళింది నేను. నా మెట్టె పోతే వెతకడానికి వెళ్ళాను. ఆవిడ నన్ను కాసింది" అన్నాను.

మా అత్తయ్య లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"చూశారా మా కోడలి మనసు. పోయిన మనిషి మీద మాట ఉండకూడదని తన నెత్తినేసుకుంటోంది" అంది అందరితో.

ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. దాచేపల్లి ఆయన, ఇలాంటి కోడళ్ళు ఎక్కడున్నారమ్మా ఈ రోజుల్లో అన్నాడు. కాదండీ, నిజంగానే నేనండీ అన్నాను. వాళ్ళు ఇంకా మెచ్చుకోలుగా చూశారు. గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. మామయ్యగారు ఇంకాస్త పెట్టమన్నట్టు విస్తరి ముందుకు జరిపారు.