దేవుడికి ఇచ్చేసిన పిల్లాడు

నా చిన్నప్పుడు నన్ను దేవుడికి ఇచ్చేశారు. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పొత్తిళ్లలోనే పోయారు. నేను కడుపులో ఉండగా, ఈ బిడ్డ బతికితే నీ పనికే ఇస్తాను ప్రభువా అని అమ్మ ప్రార్థించిందట. నాకు ఎనిమిదో ఏడు వచ్చాక, చర్చిలో అందరి ముందూ పాస్టరు అయ్యగారి చేత సమర్పణ ప్రార్థన చేయించాలనుకున్నారు.

పెద్దయ్యాక చర్చిలో చాలాసార్లు సాక్ష్యం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, ఆ రోజు సంతోషంగా వెళ్లి మోకరించానన్నాను. అది నిజం కాదు. ఒకసారి సండే స్కూలు పిల్లాడొకడు, మీకు భయం వెయ్యలేదా అని అడిగితే, లేదన్నాను. వాడు తల దించుకుని వెళ్లిపోయాడు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పుడు నర్సీపట్నంలో మా పక్కింటి అత్త వాళ్లకు ఒక మేకపోతు ఉండేది. దాన్ని కట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. మా చిక్కుడు పాదు మేసినా అమ్మ ఊరుకునేది. ఎందుకని అడిగితే అత్త, "అమ్మోరికి ఇచ్చీసినాం గదరా," అంది. నేనూ అలాంటివాణ్ణే అని గర్వపడ్డాను. రోజూ దానికి పనసాకులు పెట్టేవాణ్ణి. అమ్మోరి పండగనాడు స్నానం చేయించి, మెళ్లో బంతిపూల దండ వేసి, మొదటిసారి తాడు కట్టి తీసుకెళ్లారు. సాయంత్రం తాడు ఒక్కటే తిరిగొచ్చింది.

అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. అమ్మ పెద్ద చేప ముక్క నాకు వేస్తే భయం. ఒళ్లో పడుకోబెట్టుకుంటే భయం. అడుగుదామంటే, ఔనంటుందేమోనని అడగలేకపోయాను.

ఆ ఆదివారం అమ్మ తలంటి తెల్ల చొక్కా తొడిగింది. నాన్న బజారు నుంచి ఆకులో చుట్టి బంతిపూల దండ తెచ్చాడు. అది చూడగానే పరుగెత్తాను. పక్కింటి పెరట్లో ఖాళీగా ఉన్న మేక పాకలో దూరి మూలన ముడుచుకున్నాను.

"ఓలమ్మో, మా పోతు తిరిగొచ్చీసినాదేటి?" అని అత్త నవ్వింది. నా వణుకు చూసి నవ్వు ఆపేసి, అమ్మను పిలిచింది.

అమ్మ చర్చి చీరతోనే ఆ పెంటికల మధ్య కూర్చుంది. "ఏటైనాదిరా?"

"నన్ను కోసీకమ్మా."

"ఎవులు కోత్తారు నిన్ను?"

"దేవుడికి ఇచ్చీసినావు కదా. పోతునీ అలాగే ఇచ్చీసినారు."

అమ్మ ముఖం పాలిపోయింది. నన్ను దగ్గరకు లాక్కుంది. తర్వాత మెల్లగా, "మన దేవుడు నిన్ను సంపమనలేదు నాయనా. మన కోసం సిలువ మీద ఆ బలి ఆయనే అయిపోనాడు. నిన్ను బతకమనే అడుగుతున్నాడు. బతికి ఆయన పని సెయ్యమని," అంది.

"అయినా బయమేత్తందమ్మా."

"ఏత్తాది. నాకూ రోజూ ఏత్తాది, నువ్వెక్కడ పోతావోనని. ఆ బయం కూడా ఆయన సేతిలో ఎట్టీసి పద. అది పోయినాక ఎల్దామంటే ఎప్పుడూ ఎల్లలేం."

దండ మాత్రం వద్దన్నాను. అమ్మ దాన్ని అత్త వాళ్ల గుమ్మానికి కట్టేసింది. చర్చిలో అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టినప్పుడు వణుకుతూనే ఉన్నాను. ప్రార్థన అయ్యేదాకా కళ్లు మూయలేదు.

నేను అయ్యగారిని కాలేదు. ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసే పనిలో చేరాను. దేవుడు నాకిచ్చిన పని ఇదేనని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఆపరేషన్ గది తలుపు దగ్గర రోగులు నా చెయ్యి పట్టుకుని, "బయమేత్తంది బాబూ," అంటారు. భయపడకండి అని నేను అనను. "ఏత్తాదమ్మా. నాకూ ఏసింది," అంటాను.

ఆ సండే స్కూలు పిల్లాడికి కూడా ఆ మాటే చెప్పాల్సింది.