చంకలో చెప్పులు

మార్కాపురంలో నాకు నాట్యం నేర్పిన అక్క నాటకమంతా ఒక్కతే ఆడేది. గుడిలోకి రానివ్వని భక్తుడూ ఆమే, గడప దగ్గర అడ్డుకునే పూజారీ ఆమే, చివరికి బయటికొచ్చి కరుణించే శివుడూ ఆమే. భక్తుడైనప్పుడు మాత్రం వంగి, కాళ్లకు లేని చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేది. మాకు నేర్పిన పాఠాల్లో అది లేదు.

"ఇదేం ముద్ర అక్కా?" అని అడిగాను.

"ముద్రేంది పాపా! ఊళ్లో పెద్ద కులపోళ్ల వీధి దాటాలంటే మా నాయన ఇట్లనే పోయేటోడు."

ఆ ఏడు శివరాత్రికి దోర్నాలలో ఆమె ఆట పెట్టారు. వాళ్ల నాయన చూడటానికి రావడం అదే మొదలు. నేను ముందు వరసలో కుర్చీ వేసి పిలిస్తే, "ఈడనే బాగుందిలేమ్మా" అని జనం వెనకే నిలబడ్డాడు. చెప్పులు నిజంగానే చంకలో ఉన్నాయి.

అక్క వేదిక మీంచి చూసింది.

ఆ రోజు శివుడు ఎప్పటిలా చెయ్యెత్తి దీవించలేదు. గడప దగ్గర ఆగి, వంగి, తనూ చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. అట్లాగే తల వంచుకుని, ఇందాక భక్తుడు నిలబడ్డ చోటికి నడిచి వచ్చాడు.

మృదంగం ఒక్క క్షణం తడబడింది. నేను వెనక్కి తిరిగాను. పెద్దాయన చెప్పులు కింద పడేసి, కాళ్లకు తొడుక్కుని, జనం మధ్యలోంచి తన కుర్చీ దగ్గరికి నడిచి వస్తున్నాడు.