ముత్తన్న చెవి, సమద్ చెయ్యి

బోధన్‌లో బండి గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా అడగడానికి ఇద్దరు మనుషులుండేవారు. నడపడం గురించైతే ముత్తన్న, బాగుచేయడం గురించైతే సమద్. ఇద్దరూ ఒకే హోటల్లో, ఒకే బెంచీ మీద చాయ్ తాగేవారు కాబట్టి అడిగేవాడికి తిరిగే పని ఉండేది కాదు. ఇప్పుడు ఆ బెంచీ మీద ఇద్దరూ లేరు. అందుకు కారణం ముత్తన్నే. ఆ మాట అతను కూడా ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నంత మాత్రాన తీరిపోయే తప్పయితే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు.

షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ముత్తన్న చెరుకు లారీ తోలేవాడు. ఆ లారీ స్టార్టయితే పక్క వీధిలో గిన్నెలు కదిలేవి. ఫ్యాక్టరీ మూతపడింది, చెరుకు మళ్లల్లో వరి వచ్చింది, లారీ ఓనరు లారీని అమ్ముకుని చేతులు దులుపుకున్నాడు. వెనక ట్రాలీ తగిలించి వరికోత మిషన్లకు ముందు తగిలించే కట్టర్లు, వరి నాటు మిషన్లు ఊరి నుంచి ఊరికి లాగే బండికి మంచి గిరాకీ ఉందని సమద్ చెప్పి, వెంటబెట్టుకుని పోయి ఒక పికప్ చూపించాడు. బానెట్ ఎత్తి చూడగానే ముత్తన్నకు నవ్వు ఆగలేదు.

"ఏంది భాయ్, ఇది ఇంజినా, కుట్టు మిషనా? గింత దానితోని ట్రాలీ గుంజుడయితదా?"

"అయితది. దీనికి టర్బో ఉన్నది" అని సమద్ ఇంజిన్ పక్కన నత్తగుల్లలా ఉన్న ఇనప ముక్కను తట్టి చూపించాడు. "ఇంజిన్ ఇడిచే పొగ ఊకెనే గాలిల కలుస్తది గద. ఇదేమో ఆ పొగతోనే లోపటి పంకా తిప్పుతది. ఆ పంకా ఇంజిన్లకు గాలి కుక్కుతది. పోయే పొగతోనే బలం పుట్టిస్తది అన్నా. సూడు ఎట్లుంటదో."

బండి కొన్నాడు కానీ ముత్తన్న దాన్ని లారీలాగే తోలాడు. ఎత్తు రాకముందే పై గేరు వేసి, ఇంజిన్ గుర్రుమంటూ పాకాలి, అదే డ్రైవర్ గొప్ప అనుకునే రకం. మొదటి లోడుకే బండి ఎత్తు మధ్యలో ఉసూరుమని ఆగిపోయింది. పక్క సీట్లో కూర్చున్న సమద్ తిట్టలేదు, నవ్వలేదు.

"చిన్న ఇంజిన్ అన్నా, పంకా తిరిగేదాంక దానికి దమ్ము రాదు. తిరిగితే సన్నగ సీటీ ఇనపడతది. సీటీ వచ్చినంక తొక్కు. కండ్లతోని కాదు, చెవులతోని తోలు."

ఆ రోజు నుంచి ముత్తన్న చెవితోనే తోలాడు. బండిలో పాటలు పెట్టేవాడు కాదు. ఎండైనా వానైనా కుడిపక్క అద్దం దించే ఉండేది. ఈల సన్నగా మొదలై, లేచి, లేచి, ఒక ఎత్తుకు చేరేదాకా ఆగి అప్పుడు కాలు నొక్కేవాడు. వెనక ట్రాలీ ఉందో లేదో తెలియనట్టు బండి కాలువ కట్ట ఎక్కేసేది. వానాకాలం నల్లరేగడిలో దిగబడ్డ కార్లను కూడా అట్లాగే బయటికి లాగేవాడు. చూసినవాళ్లు బండి గొప్పదనేవారు. ముత్తన్న మాత్రం సమద్ గొప్పోడు అనేవాడు. నిజమే మరి, ఆ చెవి సమద్ ఇచ్చిందే.

సమద్ షెడ్డు గురించి కూడా ఒక మాట చెప్పాలి. అక్కడ గోడకు ఒక మేకు ఉండేది. బండి తెచ్చినవాళ్లు తాళంచెవి దానికి తగిలించి వాళ్ల పని మీద వాళ్లు పోయేవారు. ఏం విప్పాడు, ఏం బిగించాడు అని ఎవరూ నిలబడి చూసింది లేదు. సమద్ చెయ్యి పెట్టాడంటే బండి బాగైపోయినట్టే.

పోయిన యాసంగి పంట కోతలకు ముందు ముత్తన్న బండి బుసలు కొట్టడం మొదలుపెట్టింది. టర్బో నుంచి ఇంజిన్‌కు గాలి పోయే గొట్టం ఎప్పటి నుంచో చీలుతూ వచ్చి ఇప్పుడు పగిలిందని సమద్ చూడగానే చెప్పాడు. గొట్టం మార్చి, పనిలో పనిగా టర్బోను విప్పి, కడిగి, బిగించాడు. మరునాడు కట్టర్ ఉన్న ట్రాలీ తగిలించుకుని ముత్తన్న వర్ని వైపు బయలుదేరాడు. దారి పొడుగునా చెవి రిక్కించి కూర్చున్నాడు. ఈల లేదు.

నిజాంసాగర్ కాలువ కట్ట ఎక్కాలి. ఈల వస్తేనే కదా తొక్కేది? రాలేదు. తొక్కాలా వద్దా అని తటపటాయించేసరికి బండి దమ్ము పోయి ఆగింది. ట్రాలీ బరువు వెనక్కి గుంజింది. బండి ఒరుసుకుంటూ జారి, ట్రాలీ చక్రం బురదలో కూరుకుపోయింది. కోత కోసం ఎదురుచూస్తున్న రైతు రామ్‌దాస్ ట్రాక్టర్ తెచ్చి, గొలుసు కట్టి లాగాల్సి వచ్చింది. ఊళ్లో అందరి బండ్లూ లాగే ముత్తన్న బండిని ట్రాక్టర్ లాగుతుంటే చేలల్లో కూలీలు పని ఆపి చూశారు. ముత్తన్నకు తల కొట్టేసినట్టయింది.

ఆ మంట మీదే నేరుగా సమద్ షెడ్డుకు వచ్చాడు. అప్పుడు అక్కడ నలుగురైదుగురు బండ్లవాళ్లు ఉన్నారు. ఒక్క నిమిషం ఆగి చాయ్ తాగినా బాగుండేది. ఆగలేదు.

"మంచి టర్బో నువ్వు ఉంచుకొని నాకు నకిలీది బిగించినవా సమద్? ఇన్నేండ్ల దోస్తును, నాకేనా?"

సమద్ మొదట వేళాకోళం అనుకుని నవ్వాడు. ముత్తన్న మొహం చూసి నవ్వు ఆపేశాడు. బండి స్టార్ట్ చేసి, గట్టిగా రేజ్ చేసి, "ఇను" అన్నాడు.

"ఏం ఇనాలె? ఉంటే గద ఇనేది!"

రోడ్డు మీద లారీల మోత. ఉన్నవాళ్లలో ఒకడు వినిపించిందన్నాడు, ఇంకొకడు లేదన్నాడు. "లోడు మీద నన్ను పక్కన కూసోబెట్టుకొని తోలు అన్నా, నేను సూపిస్త" అన్నాడు సమద్. ముత్తన్న వినిపించుకోకుండా బండి తీసుకుని వెళ్లిపోయాడు. రెండ్రోజుల తర్వాత సమద్ ఇంటికి వచ్చి ముత్తన్న భార్య వసంతమ్మతో అదే మాట మళ్లీ చెప్పాడు. ముత్తన్న లోపల గోడవైపు తిరిగి నిద్ర నటించాడు. అతని జీవితంలో అంతకన్నా నీచమైన పని చేసినట్టు నాకైతే తెలియదు.

అటువంటి మాట కోసం కాచుకుని ఉండే నాలుకలు ఏ ఊళ్లోనైనా నాలుగు ఉంటాయి. అన్నది ఎవడో దారిన పోయేవాడైతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. అన్నది ముత్తన్న, అబద్ధం ఆడని మనిషి, సమద్ ప్రాణ స్నేహితుడు. ఇంకేం కావాలి? బండ్లు రావడం పూర్తిగా ఆగలేదు. వచ్చినవాళ్లు మాత్రం తాళం మేకుకు తగిలించి పోవడం మానేశారు. అక్కడే నిలబడ్డారు. సమద్ ఒంగి పానా తిప్పుతుంటే అతని భుజం మీదుగా తొంగి చూశారు. విప్పిన పాత సామాను ఇంటికి పట్టుకుపోయారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే సమద్ తిరిగి ఏదో ఒకటి అనేవాడు.

కోతలు అయిపోయే నాటికి షెడ్డుకు తాళం పడింది. ముత్తన్న ఆ తాళం ముందు నుంచే రోజూ బండి తోలాడు, తల తిప్పకుండా.

వానాకాలం మొదట్లో ముత్తన్న కూతురు అఖిల నిజామాబాద్‌లో చదివే డిగ్రీ కాలేజీ నుంచి సెలవులకు ఇంటికి వచ్చింది. ట్రాలీ మీద నాటు మిషన్ వేసుకుని వర్ని పోతుంటే తనూ ఎక్కింది. కట్ట దగ్గర ముత్తన్న ఎప్పటిలాగే ఆగి, సగం మనసుతో తొక్కాడు. అఖిల చెవి మూసుకుంది.

"అబ్బ, ఈ సీటీతోని చెవులు పోతున్నయ్ బాపూ. రోజూ ఎట్ల ఇంటవ్?"

ముత్తన్న కట్ట మధ్యలోనే బ్రేకు వేశాడు.

"ఏ సీటీ?"

"గదే బాపూ, ఇంజిన్ల ఈల కొడుతలేదా! నీకు ఇనపడ్తలేదా?"

ముత్తన్న మళ్లీ తొక్కమని తన కాలికి తానే చెప్పుకున్నాడు. తొక్కాడు. కూతురి మొహం వైపే చూస్తూ ఉన్నాడు. "గదిగో, ఇప్పుడు పెద్దగైంది... ఇగో తగ్గింది" అని అఖిల చెబుతూ ఉంది. బండి కట్ట ఎక్కింది, సులువుగా. అతనికి గుర్రుమనే మోత తప్ప ఏమీ వినపడలేదు.

నిజామాబాద్‌లో చెవుల డాక్టరమ్మ అతన్ని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమంది. మొదట కొన్ని మోటు శబ్దాలకు నొక్కాడు. ఆ తర్వాత నిశ్శబ్దం. బటన్ మీద వేలు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. చివరికి విసుగొచ్చి అడిగాడు.

"తర్వాతది షురూ చెయ్యరా మేడమ్?"

"అన్నీ అయిపోయినయ్ పెద్దాయనా" అంది ఆమె.

సన్నటి శబ్దాలు పోయి చాలా కాలమైందట. మాటలు వినిపిస్తున్నాయి కాబట్టి తెలియలేదట. ఏళ్ల తరబడి కిటికీ పక్క ఇంజిన్ మోత విన్న డ్రైవర్లకు ఇట్లాగే పోతుందట. ముత్తన్నకు అప్పుడు అర్థమైంది. గొట్టం పూర్తిగా పగలకముందే, దాని చీలిక నుంచి ఎన్నాళ్లుగానో అతను వింటున్నది బుస. అది మోటుది కాబట్టి వినిపించింది, అదే ఈల అనుకున్నాడు. సమద్ గొట్టం బాగుచేసి బుసను ఆపేసరికి మిగిలింది అసలు ఈల. సమద్ పని బాగా చేశాడు కాబట్టే ముత్తన్నకు ఏమీ వినపడలేదు. బాగా చేసినందుకే వాణ్ని దొంగ అన్నాడు.

విషయం విన్న వసంతమ్మ అతని పక్కన వచ్చి కూర్చుంది. "ఇన్నేండ్లు నేను పిలిస్తే పలుకకపోతే నీకు పొగరు అనుకున్న" అని కళ్లు తుడుచుకుంది.

చెవి మిషన్ పెట్టుకున్న మర్నాడు ముత్తన్న బోధన్ హోటల్లో నిలబడి అందరి ముందూ చెప్పాడు. తప్పు తనదే, చెవి తనది పోయింది, సమద్ చెయ్యి బంగారం అన్నాడు. అందరూ విన్నారు. తల ఊపారు. "పోనీ తియ్యే అన్నా, దోస్తులన్నంక ఎనకేసుకొస్తరు గద" అన్నాడొకడు. ముత్తన్న ఒట్టేశాడు. "నీ మనసు మంచిది అన్నా, గందుకే కడుపుల పెట్టుకుంటున్నవ్" అన్నాడు ఇంకొకడు. ఆ రోజు దొంగ అన్న మాటను ముత్తన్న మంచితనం చూసి నమ్మినవాళ్లు, ఇప్పుడు కాదన్న మాటను అదే మంచితనం చూసి నమ్మలేదు. ముత్తన్నకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి?

సమద్ నిజామాబాద్‌లో, బోధన్ రోడ్డు మీద, బంధువు మన్సూర్ పంచర్ దుకాణంలో పని చేస్తున్నాడని తెలిసి బండి వేసుకుని పోయాడు. సమద్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగ చూస్తున్నాడు. పంచర్ పనిలో లోపల దాగి ఉండేది ఏమీ ఉండదు. బుడగ వస్తే అందరికీ కనపడుతుంది.

ముత్తన్న చెప్పాల్సిందంతా నిలబడే చెప్పాడు. కట్ట మీద అఖిల అన్న మాట, బటన్ మీద వేలు, అన్నీ. చెబుతూ ఏడ్చాడు. సమద్ చేతులు తుడుచుకుని దగ్గరకు వచ్చి, అతని చెవి వెనక మిషన్‌ను చూశాడు.

"ఇప్పుడు మంచిగ ఇనపడుతుందా అన్నా?"

"ఇనపడుతుంది."

"సీటీ?"

"సన్నగ."

"అల్లా దయ" అన్నాడు సమద్. నిజంగానే సంతోషించాడు. కోపం లేదు. కోపం ఉండి ఉంటే బాగుండేదని ముత్తన్న అనుకున్నాడు.

"షెడ్డు తెరువు భాయ్. నా బండితోనే షురూ చెయ్యి. గొట్టం క్లిప్పు కాడ నూనె చెమ్మ కొడుతుంది, జర సూడు."

సమద్ పానాలు తెచ్చుకుని బానెట్ ఎత్తాడు. ఒంగాడు. చెయ్యి లోపలికి పోబోయి ఆగింది. వెనక్కి తిరిగి మన్సూర్‌ను పిలిచాడు.

"ఇటు రా. వచ్చి జర ఈడ నిలబడు."

"ఎందుకు భాయ్?" అన్నాడు ముత్తన్న. "నేను నమ్ముతున్న. నేను పొయ్యి ఆడ కూసుంట, సూడనే సూడ."

"నీ కోసం కాదన్నా, నా కోసం" అన్నాడు సమద్, మెత్తగా. "ఎవరన్న సూస్తుంటేగాని నా చెయ్యి లోపటికి పోతలేదు."

మన్సూర్ వచ్చి నిలబడ్డాడు. సమద్ క్లిప్పు విప్పి, దాన్ని పైకెత్తి మన్సూర్‌కు చూపించి, అతను తల ఊపాక గుడ్డ మీద పెట్టాడు. తర్వాత స్క్రూ విప్పి, దాన్నీ చూపించాడు.