ఒక్క మార్కు తక్కువ

ఆరోగ్య సర్వేలో ఎన్ని మార్కులు వచ్చినవాళ్లను పరీక్షలకు పిలవాలో తేల్చడం ఆమె ఉద్యోగం. ఆ మార్కుల దగ్గర ఆమె గీసే గీత పైకి జరిపితే జబ్బులు దొరక్కుండా జారిపోతాయి, కిందికి దించితే ఆసుపత్రి కిటకిటలాడుతుంది. పెన్సిలు చెంపకు ఆనించుకుని కిటికీలోంచి చూస్తుంటే, మబ్బులు కూడా ఆమెకు గీతకు అటూ ఇటూ తేలే మనుషుల్లాగే కనిపిస్తాయి. ఈలోగా టీ చల్లారిపోతుంది. ఓ సాయంత్రం సరదాకి ఆ ప్రశ్నలే అక్కను అడిగింది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"అబ్బే, మధ్యలో కాసేపు కూర్చుంటాగా!" అంది అక్క, బట్టలు మడతపెడుతూ.

లెక్క వేస్తే ఒక్క మార్కు తక్కువైంది. గీత ప్రకారం అక్కకు ఏ జబ్బూ లేదు. మడత మధ్యలో ఆగి ఊపిరి కూడదీసుకుంటున్న అక్కను ఆమె కలలోలా చూస్తూ ఉండిపోయింది. మర్నాడు గీతను ఒక మార్కు దించింది.

"ఊరంతా వచ్చి పడుతుందమ్మా!" అన్నారు పెద్ద డాక్టరు.

"రానివ్వండి సార్. మా అక్క అప్పుడే వచ్చి బయట కూర్చుంది."